పులిబొమ్మలో సగం: చైనా సైన్యం ఎవరి మాట వింటుంది?

అరచేతిలో పట్టేంత కంచు పులి అది. పొడవు పది సెంటీమీటర్లు కూడా ఉండదు. చైనాలోని షియాన్ నగరం దగ్గర దొరికింది. నిజానికి దొరికింది సగం పులే. తల నుంచి తోక దాకా నిలువునా చీల్చినట్టుండే ఎడమ ముక్క. దాని మీద బంగారం పొదిగిన అక్షరాల్లో ఒక రూల్ రాసి ఉంది. కుడి ముక్క రాజు దగ్గర, ఎడమ ముక్క దూ అనే ఊళ్లో ఉండాలి. 50 మందికి పైగా సైనికుల్ని కదిలించాలంటే రాజుగారి ముక్క వచ్చి ఈ ముక్కకు అతకాలి. శత్రువు వచ్చాడని మంటలు వేసి కబురు చేసే పరిస్థితి ఉంటే మాత్రం దానికోసం ఆగక్కర్లేదు.

50 మంది! లక్షల సైన్యాలతో చుట్టుపక్కల రాజ్యాలన్నిటినీ మింగేసిన చిన్ రాజ్యం పెట్టుకున్న రూల్ ఇది. పక్క రాజ్యాన్ని చూసి ఎంత జాగ్రత్త పడ్డారో తెలియదు గానీ, తన సొంత కమాండర్ ఊరు దాటి 50 మందితో వస్తాడేమోనని మాత్రం రాజు బాగానే జాగ్రత్త పడ్డాడు.

చైనా యుద్ధ చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి మహాకుడ్యం, తుపాకిమందు, వాట్సాప్‌లో తిరిగే సన్ జూ సూక్తులు. (ఆయన పుస్తకంలో రెండో అధ్యాయం నిండా లక్షమంది సైన్యాన్ని నడపడానికి రోజుకెంత ఖర్చవుతుందన్న లెక్కలే ఉంటాయి. వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.) రాజవంశాల పేర్లు, యుద్ధాల తేదీలు వరుసగా చదివితే ఏదీ బుర్రకెక్కదు. ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే చాలావరకు చిక్కు విడిపోతుందని నా అనుభవం. సైన్యానికి కూడు పెట్టేది ఎవరు, దాని పగ్గం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ రాజు చేతిలో ఉన్నంతకాలం రాజ్యం నిలిచింది. రెండూ కలిసి సేనాపతి చేతికి జారిపోయిన ప్రతిసారీ కూలింది.

చిన్ రాజ్యం సంగతే చూడండి. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో షాంగ్ యాంగ్ అనే మంత్రి అక్కడ దేశాన్నే ఒక యుద్ధ యంత్రంగా మార్చాడు. పుట్టుకతో వచ్చే హోదాలకు విలువ తగ్గించి, యుద్ధంలో తెచ్చిన శత్రువుల తలలు లెక్కబెట్టి హోదా, భూమి ఇచ్చే పద్ధతి పెట్టాడు. రైతే సైనికుడు. పంట పండించు, లేదా తల తీసుకురా. మూడో దారి లేదు. క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ దగ్గర లొంగిపోయిన ఝావో సైనికులు నాలుగు లక్షల మందిని చంపేశారని చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. ఆ అంకెను ఇవాళ్టి పండితులు పూర్తిగా నమ్మరు గానీ, ఆ దెబ్బతో ఝావో రాజ్యం నడుం విరిగిందన్నది మాత్రం నిజం. క్రీ.పూ. 221కల్లా చైనా అంతా ఒక్కటైంది. మట్టిబొమ్మల సైన్యంతో సమాధిలోకి వెళ్లిన మొదటి చక్రవర్తి ఈ వంశంవాడే.

పదిహేనేళ్లకే అంతా కుప్పకూలింది. సరిహద్దు కాపలాకు పోతున్న 900 మంది వానల్లో చిక్కుకుని ఆలస్యమయ్యారట. ఆలస్యానికి శిక్ష మరణమట. వెళ్లినా చావే, తిరగబడినా చావే అనుకుని తిరగబడ్డారని సిమా చియాన్ చెబుతాడు. 50 మంది కదలకుండా పులిబొమ్మలు పెట్టుకున్న రాజ్యానికి ఆ 900 మందితో మొదలైన మంటను ఆర్పడం చేతకాలేదు.

తర్వాత వచ్చిన హాన్ వంశానికి సమస్య ఉత్తరాన ఉంది. గడ్డిమైదానాల్లో గుర్రాల మీద బతికే షియోంగ్నూలు క్రీ.పూ. 200లో హాన్ తొలి చక్రవర్తినే చుట్టుముట్టారు. ఆయన ఎలాగో బయటపడి, ఆ తర్వాత వాళ్లకు రాజకుమార్తెల్ని, పట్టునీ, ధాన్యాన్నీ పంపి శాంతి కొనుక్కున్నాడు. ముని మనవడు వూ చక్రవర్తికి ఇది నచ్చలేదు. వెయ్ చింగ్, హువో చూబింగ్ అనే ఇద్దరు సేనాపతులతో గోబీ ఎడారి దాటి దండయాత్ర చేయించాడు. క్రీ.పూ. 119 నాటి ఆ దండయాత్రకు లక్షా నలభై వేల గుర్రాలు వెళితే, వెనక్కి వచ్చినవి ముప్పై వేల లోపే. చైనా గెలిచింది. కానీ గుర్రాల్లేక మళ్లీ అంత పెద్ద దండయాత్ర వెంటనే చేయలేకపోయింది. ఖర్చు కోసం ఉప్పునూ ఇనుమునూ ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చారు. గెలిచిన యుద్ధానికి ఉప్పు కొనుక్కునే ప్రతి రైతూ బిల్లు కట్టాడన్నమాట. ఇది న్యాయమా అని క్రీ.పూ. 81లో రాజాస్థానంలోనే పెద్ద చర్చ నడిచింది. పండితులు ఒకవైపు, అధికారులు మరోవైపు. మన బడ్జెట్ చర్చల్లాగే అటూ ఇటూ బలమైన వాదనలే.

మధ్యలోని కొన్ని శతాబ్దాలు దాటేసి టాంగ్ వంశానికి వద్దాం. తర్వాతి వెయ్యేళ్ల చైనా భయాలన్నీ అక్కడే పుట్టాయి.

టాంగ్ తొలినాళ్లలో సైనికులు రైతులే. తమ తిండి, ఆయుధాలు తామే తెచ్చుకుని వంతులవారీగా కాపలాకు వచ్చేవారు. యుద్ధం అయిపోతే సైనికుడు పొలానికి, సేనాపతి రాజధానికి వెళ్లిపోయేవారు. చవకైన ఏర్పాటు, భద్రమైన ఏర్పాటు. కానీ సామ్రాజ్యం మధ్య ఆసియా దాకా పెరిగాక ఇది కుదర్లేదు. వేల కిలోమీటర్ల అవతల ఏళ్ల తరబడి కాపలా కాయడానికి ఏ రైతు వస్తాడు? జీతం తీసుకునే సైన్యం అవసరమైంది. దానికి రాజధాని నుంచి ధాన్యం పంపడం తలకు మించిన పని. అందుకని సరిహద్దు సేనాపతులకే పన్నులు వసూలు చేసుకునే అధికారం, పరిపాలన కూడా అప్పగించారు. కూడూ పగ్గమూ రెండూ ఒకరికే.

ఆన్ లూషాన్ అలాంటి సేనాపతి. తండ్రి మధ్య ఆసియాకు చెందిన సోగ్డియన్, తల్లి టర్కు. చైనా కులీనులు కానివాళ్లయితే రాజధానిలో తనకు పోటీ రారని ప్రధానమంత్రి లీ లిన్‌ఫూ ఇలాంటివాళ్లనే సరిహద్దుల్లో ప్రోత్సహించాడు. ఆన్ లూషాన్ చేతికి ఒకటి కాదు, మూడు సరిహద్దు మండలాలు వచ్చాయి. లక్షన్నరకు పైగా సైన్యం. 755 డిసెంబరులో ఆ సైన్యంతోనే రాజధాని మీదికి బయల్దేరాడు. కంచే చేను మేసింది. చక్రవర్తి పారిపోతుంటే దారిలో ఆయన అంగరక్షక దళమే అడ్డం తిరిగి, ఆయన ప్రాణంగా చూసుకున్న యాంగ్ గ్వీఫెయ్‌ని చంపితే గానీ కదలనంది. చంపించాడు.

ఈ తిరుగుబాటులో మూడున్నర కోట్ల మంది చనిపోయారని ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంది. ఆ అంకె ఎలా పుట్టిందో చెప్పాలి. 754 జనాభా లెక్కల్లో దాదాపు 5.3 కోట్ల మంది ఉంటే, 764 లెక్కల్లో 1.7 కోట్ల మందే ఉన్నారు. తేడా అంతా చావులే అనుకున్నారు. కానీ అది జనాభా తగ్గుదల కంటే ఎక్కువగా రాజ్యం చేతికి అందేవాళ్ల తగ్గుదల. లెక్కలు రాసే గుమాస్తా చేరలేని ఊళ్లు, పన్ను కట్టని మండలాలు, వలసపోయిన జనం అందులోంచి మాయమయ్యారు. చావులు ఘోరమే, కానీ ఆ అంకె అసలు చెబుతున్నది రాజ్యం పట్టు తప్పడం గురించి. 763లో తిరుగుబాటు అణిగింది గానీ, సేనాపతులు మాత్రం తమ మండలాలను తిరిగి అప్పగించలేదు.

టాంగ్ కూలిపోయాక, 960లో ఝావో క్వాంగ్‌యిన్ అనే సేనాపతి సైన్యంతో బయల్దేరి, చెన్‌చియావో అనే మజిలీలో సైనికులే తన మీద పసుపు వస్త్రం కప్పి చక్రవర్తిని చేశారంటూ తిరిగొచ్చి సింహాసనం ఎక్కాడు. సోంగ్ వంశం ఇలా మొదలైంది. సైన్యంతో సింహాసనం ఎంత తేలిగ్గా దొరుకుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? మరుసటి ఏడాదే తన పాత మిత్రులైన సేనాపతుల్ని విందుకు పిలిచి, మద్యం పోస్తూ మనసు విప్పాడని కథ. మీ కింది వాళ్లు మీ మీదా పసుపు వస్త్రం కప్పితే మీరేం చేయగలరు, పదవులు వదిలి భూములు, భవనాలు తీసుకుని హాయిగా బతకండి అన్నాడట. తెల్లారేసరికి అందరికీ ఆరోగ్యాలు పాడై రాజీనామాలు ఇచ్చారు. ఒక్క ప్రాణం పోకుండా ఇంత పని జరగడం ప్రపంచ చరిత్రలోనే అరుదు.

ఆ తర్వాత కట్టిన వ్యవస్థ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సైన్యాన్ని కదిలించే అధికారం ఒక ఆఫీసుది, సైన్యాన్ని పోషించి తర్ఫీదు ఇచ్చే అధికారం ఇంకో ఆఫీసుది. మొదటిదానికి సైనికులుండరు, రెండోదానికి ఆజ్ఞ ఇచ్చే హక్కుండదు. పులిబొమ్మ ఆలోచననే ఆఫీసుల రూపంలో పెట్టారన్నమాట. దళాల్ని ఊళ్లు మారుస్తూ ఉండేవారు. సేనాపతికి తన సైనికులు తెలియరు, సైనికులకు సేనాపతి తెలియడు అనే మాట అప్పటిదే. రెండో చక్రవర్తి అయితే యుద్ధం ఎలా చేయాలో రాజధానిలో పటం గీసి పంపేవాడు. క్షేత్రంలో పరిస్థితి మారినా పటం ప్రకారమే నిలబడాలి.

సైన్యం సంఖ్య మాత్రం పెరుగుతూనే పోయింది. కరువు వచ్చిన జిల్లాలో వయసు కుర్రాళ్లు దొంగలు కాకుండా వాళ్లను సైన్యంలో చేర్చుకునేవారు. అది రక్షణ పథకమో, ఉపాధి పథకమో చెప్పడం కష్టం. 1040ల నాటికి పుస్తకాల్లో 12 లక్షల పైచిలుకు సైనికులు, ఖజానాలో సింహభాగం వాళ్లకే. ఆ సైనికులకు ముఖం మీద ఖైదీలకు వేసినట్టు పచ్చబొట్టు వేసేవారు, పారిపోతే పట్టుకోవడానికి. ఆ పచ్చబొట్టుతోనే పైకొచ్చిన దీ చింగ్ అనే సేనాపతి సైనిక వ్యవహారాల అత్యున్నత పదవి దాకా ఎదిగాడు. తప్పేమీ చేయలేదు. జనం ఆయన్ని మరీ ఇష్టపడుతున్నారన్న అనుమానంతో 1056లో తీసేశారు. మరుసటి ఏడాది చనిపోయాడు. మంచి ఇనుముతో మేకులు చేయరు, మంచి మగాడు సిపాయి కాడు అనే చైనా సామెతకు ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

సోంగ్ వాళ్లు పిరికివాళ్లు, చేతగానివాళ్లు అని చాలామంది రాస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. తుపాకిమందు తయారీ పాళ్లు అచ్చంగా రాసిపెట్టిన మొదటి గ్రంథం వాళ్లదే, 1044లో. గుర్రాలు పెరిగే ఉత్తర భూములు వాళ్లు పుట్టకముందే ఖితాన్లనే ఉత్తరాది జాతి చేతికి పోయాయి. 1005లో ఖితాన్లతో ఒప్పందంలో ఏటా లక్ష లియాంగ్‌ల (అక్కడి తూకం, ఒక్కోటి సుమారు 40 గ్రాములు) వెండి, రెండు లక్షల తానుల పట్టు ఇస్తామన్నారంటే, యుద్ధానికయ్యే ఖర్చు పక్కన అది చిల్లర కిందే లెక్క. వాళ్లు తెలిసే ఒక బేరం కుదుర్చుకున్నారు: బయటివాడి చేతిలో కొన్నిసార్లు ఓడినా ఫర్వాలేదు, లోపలివాడు మాత్రం సింహాసనం ఎక్కకూడదు. 319 ఏళ్లలో ఏ సోంగ్ సేనాపతీ వంశాన్ని కూల్చలేదు. 1127లో జుర్చెన్‌లనే మరో ఉత్తరాది జాతి ఉత్తరాన్ని లాక్కుంది, 1279లో మంగోలులు మిగిలిందీ తీసుకున్నారు. జుర్చెన్‌ల మీద గెలుస్తున్న యువే ఫెయ్ అనే సేనాపతిని 1142లో సొంత ఆస్థానమే జైల్లో చంపింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

మంగోలుల తర్వాత వచ్చిన మింగ్ వంశం సైనికులకు భూములిచ్చి, సైనికుడి కొడుకు సైనికుడే అవ్వాలంది. ఖజానా నుంచి గింజ ఖర్చు కాకుండా లక్షల సైన్యం అన్నమాట. రెండు మూడు తరాలకే ఆ భూములు అధికారుల పాలై, సైనికులు వాళ్లకు కూలీలయ్యారు. 1449లో ఒక నపుంసక ఆస్థానాధికారి మాట విని యుద్ధానికెళ్లిన చక్రవర్తి టూము దగ్గర మంగోలులకు బందీగా దొరికిపోయాడు. ఇవాళ టూరిస్టులు ఫోటోలు దిగే మహాకుడ్యంలో ఎక్కువ భాగం ఈ భయంతో ఆ తర్వాత కట్టిందే. 1644లో అదే గోడకు తూర్పు చివరున్న షాన్‌హై ద్వారాన్ని వూ సాన్‌గ్వీ అనే మింగ్ సేనాపతే ఈశాన్యం నుంచి వచ్చిన మంచూలకు తెరిచాడు. గోడ ఎంత ఎత్తున్నా తాళంచెవి మనిషి దగ్గరే కదా.

మంచూల చింగ్ వంశం (మొదటి చిన్ వేరు, ఈ చింగ్ వేరు) వందేళ్లకు పైగా గొప్పగా గెలిచింది. ఇవాళ్టి చైనా పటంలోని షిన్‌జియాంగ్ అప్పటి సంపాదనే. ఆ తర్వాత నల్లమందు యుద్ధం వచ్చింది. ఇక్కడ మనకు సంబంధించిన చిన్న సంగతి ఒకటుంది. 1841 మే చివర్లో కాంటన్ పక్కన శాన్‌యువాన్‌లీ అనే పల్లె దగ్గర బ్రిటిష్ సైన్యం మీద రైతులు తిరగబడ్డారు. కుండపోత వాన. అందులో దారితప్పి వేల మంది మధ్య చిక్కుకున్నది 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీలోని ఒక దళం. మందు తడిసి తుపాకులు పేలలేదు. బాయ్‌నెట్లతోనే కాచుకున్నారు. వానలోనూ పేలే కొత్త తుపాకులున్న మెరైన్లు వచ్చి వాళ్లను బయటపడేశారు. మద్రాసు సైన్యానికి అప్పట్లో ఉత్తర సర్కారు జిల్లాల నుంచి, అంటే మన తెలుగు ఊళ్ల నుంచి, సిపాయిల్ని తీసుకునేవారు. చైనా పాఠ్యపుస్తకాల్లో అది ప్రజల వీరగాథ. మన పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు.

చింగ్ వంశాన్ని అసలు కూల్చింది మాత్రం బ్రిటిష్ ఫిరంగులు కావు. 1851లో మొదలైన తైపింగ్ తిరుగుబాటులో కనీసం రెండు కోట్ల మంది పోయారని అంచనా. ప్రభుత్వ సైన్యం చేతులెత్తేసింది. అప్పుడు జెంగ్ గ్వోఫాన్ అనే పండితుడు తన సొంత హునాన్ రాష్ట్రంలో సైన్యం కూర్చుకున్నాడు. అధికారుల్ని తానే ఎంచాడు, వాళ్లు తమ ఊరివాళ్లను ఎంచుకున్నారు. సరుకు రవాణా మీద వేసిన లిజిన్ అనే పన్నుతో జీతాలు. తిరుగుబాటు 1864లో అణిగింది. జెంగ్ నమ్మకస్తుడు, సైన్యంలో చాలా భాగాన్ని ఇంటికి పంపేశాడు కూడా. కానీ దారి తెరుచుకుంది. ఆయన శిష్యుడు లీ హోంగ్‌ఝాంగ్ దగ్గర సొంత సైన్యం, సొంత నౌకాదళం. 1894లో జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు పోరాడింది దాదాపుగా లీ నౌకాదళం ఒక్కటే. దక్షిణాది దళాలు చాలావరకు చూస్తూ ఊరుకున్నాయి. లొంగిపోయేటప్పుడు, ఈ ఫలానా ఓడ కాంటన్ దళానిది, ఈ యుద్ధంతో దానికి సంబంధం లేదు, తిరిగిచ్చేయండి అని జపాన్‌ను అడిగారట! ఒకే దేశం ఓడలవి.

లీ తర్వాత యువాన్ షికాయ్. ఆధునిక తర్ఫీదు, జర్మన్ పద్ధతులు, విధేయత మాత్రం యువాన్‌కే. 1911లో విప్లవం వస్తే రెండు వైపులా బేరమాడి, బాలచక్రవర్తిని దింపేసి, తానే అధ్యక్షుడయ్యాడు. 1916లో ఆయన పోగానే కింది జనరల్స్ తలా ఒక రాష్ట్రం పంచుకున్నారు. రైళ్లు, కొత్త తుపాకులు ఉన్నాయన్న మాటే గానీ, ఇది 763 నాటి టాంగ్ పరిస్థితే.

మావో ఈ కాలంలో పెరిగినవాడు. తుపాకి గొట్టం నుంచే అధికారం వస్తుందన్న ఆయన మాట అందరికీ తెలుసు. 1938లో అన్న రెండో మాటే అసలైంది: పార్టీ తుపాకిని శాసించాలి, తుపాకి పార్టీని ఎన్నటికీ శాసించకూడదు. అది ఉత్త నినాదం కాదు, దాని వెనుక ఏర్పాటు ఉంది. 1927 సెప్టెంబరులో శాన్‌వాన్ అనే పల్లెలో, ఓడిపోయి వెయ్యి మంది లోపు మిగిలిన దళానికి, ప్రతి కంపెనీలోనూ ఒక పార్టీ శాఖ పెట్టాడు. 1929 డిసెంబరులో గూటియెన్ సమావేశంలో దాన్ని సిద్ధాంతంగా రాశారు. ప్రతి యూనిట్‌లో కమాండర్‌తో సమానంగా పొలిటికల్ కమిసార్, అంటే పార్టీ మనిషి, ఉంటాడు. పెద్ద నిర్ణయం పార్టీ కమిటీదే. పులిబొమ్మ రెండో ముక్కను రాజధానిలో దాచకుండా, ప్రతి దళం లోపలే ఒక మనిషి రూపంలో నిలబెట్టారు. సోంగ్ వాళ్లకు తట్టని సంగతి ఇదే. వాళ్లు సేనాపతి చేతులు కట్టేశారు. మావో చేతులు వదిలేసి పక్కన ఇంకో మనిషిని పెట్టాడు.

కూడు సంగతి కూడా పార్టీయే చూసుకుంది. అంతర్యుద్ధంలో, 1948–49 హువాయ్‌హాయ్ పోరాటంలో కమ్యూనిస్టు సైన్యానికి ధాన్యం, మందుగుండు మోసినవాళ్లు 54 లక్షల మంది అని చైనా లెక్క. ఎక్కువగా ఒంటిచక్రం బండ్లే. ఈ గెలుపు రైతులు బండ్లతో తోసుకొచ్చిందని సేనాపతి చెన్ యీయే ఒప్పుకున్నాడు. 1950లో కొరియాలో అమెరికా మీద అదే సైన్యం పోరాడినప్పుడు ఆ బండ్లు లేవు. వేయించిన పిండి సంచులతో, చాలని చలిబట్టలతో వెళ్లినవాళ్లలో 1,97,653 మంది చనిపోయారని చైనాయే ప్రకటించింది. 1962లో మన మీద నెలరోజుల యుద్ధం చేసి, తూర్పున గెలిచిన భూమి వదిలి వెనక్కెళ్లడానికి రాజకీయ కారణాలు చాలా చెబుతారు. శీతాకాలంలో కనుమలు మూసుకుపోతే కూడు చేరదన్నది వాటిలో తక్కువ కారణమేమీ కాదు.

ఆ తర్వాత సైన్యం చేసిన పెద్ద యుద్ధం 1979లో వియత్నాం మీద, నెల రోజులు. అప్పటికి చైనా సైన్యంలో ర్యాంకులే లేవు. సమానత్వం పేరుతో 1965లో తీసేసి, 1988లో గానీ మళ్లీ పెట్టలేదు. గందరగోళంలో ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇవ్వాలో తేల్చుకోవడమే కష్టమయ్యేది.

పగ్గం మీద భయం మాత్రం తగ్గలేదు. మావో వారసుడని పార్టీ నిబంధనావళిలోనే రాసుకున్న మార్షల్ లిన్ బియావో 1971లో పారిపోతూ మంగోలియాలో విమానం కూలి చనిపోయాడు. మావో తర్వాత దేశాన్ని నడిపిన డెంగ్ షియావోపింగ్ ఆ కాలంలో అధ్యక్షుడు కాలేదు, పార్టీ ప్రధాన కార్యదర్శి కాలేదు. సైన్యాన్ని శాసించే కేంద్ర సైనిక కమిషన్ చైర్మన్ కుర్చీ మాత్రం 1989 నవంబరు దాకా వదల్లేదు. దేశం ఎవరిదో ఆ కుర్చీయే చెబుతుంది. 1989లోనే తియానన్మెన్ విద్యార్థుల మీదికి దళాల్ని తీసుకురమ్మంటే, 38వ సైన్యం కమాండర్ షూ చిన్‌షియెన్ కుదరదన్నాడు. ఆయన్ని కోర్టుమార్షల్ చేసి జైల్లో పెట్టారు. ఆయన లేకుండానే ఆయన దళాలు బీజింగ్‌లోకి వచ్చాయి. వ్యవస్థ సరిగ్గా ఎలా పనిచేయాలని కట్టారో అలాగే పనిచేసింది.

కూడు విషయంలో డెంగ్ ఒక తప్పు చేశాడు. రక్షణ బడ్జెట్ బిగించి, మీరే సంపాదించుకోండి అన్నాడు. హోటళ్లు, మందుల కంపెనీలు, ఆఖరికి స్మగ్లింగ్ దాకా వెళ్లింది సైన్యం. డెంగ్ తర్వాతి నేత జియాంగ్ జెమిన్ 1998లో వ్యాపారాలు మానమన్నాడు. షీ జిన్‌పింగ్ వచ్చాక 2014లో జనరల్స్‌ని అదే గూటియెన్ పల్లెకు తీసుకెళ్లి పాత పాఠం మళ్లీ చెప్పాడు. 2016లో ఏడు సైనిక ప్రాంతాల్ని ఐదు థియేటర్ కమాండ్లుగా మార్చి, పాత జనరల్స్ జాగీర్లను విడగొట్టాడు. 2024లో ఇద్దరు మాజీ రక్షణ మంత్రులు, వెయ్ ఫెంగ్‌హే, లీ షాంగ్‌ఫూ, లంచాల కేసులో పార్టీ నుంచి బహిష్కృతులయ్యారు. చైనాలో రక్షణ మంత్రికి సైన్యాన్ని కదిలించే అధికారం ఉండదు, అది కమిషన్‌దే. ఆ అధికారం లేనివాళ్లనే ఇంత గట్టిగా పట్టుకున్నారంటే, ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

ఆ ఐదింటిలో మనవైపు సరిహద్దు చూసేది పశ్చిమ థియేటర్ కమాండ్. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట వాసి, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబుతో సహా మన సైనికులు 20 మంది చనిపోయారు. తమవైపు నలుగురు పోయారని చైనా ఎనిమిది నెలల తర్వాత ఒప్పుకుంది. ఆ రోజుల్లో టీవీ చర్చల్లో పదే పదే వచ్చిన ప్రశ్న, ఇది అక్కడి చైనా కమాండర్ దూకుడా, బీజింగ్ ఆదేశమా అని. ఆ రాత్రి రాళ్లు, మేకుల కర్రలతో జరిగిన కొట్లాటలో ప్రతి అడుగూ బీజింగ్‌లో రాసిపెట్టింది అయ్యుండదు. కానీ ఆ వేసవిలో గల్వాన్‌లోనూ, పాంగాంగ్ సరస్సు దగ్గరా, గోగ్రాలోనూ ఒకేసారి వేల మంది కదిలారు. 50 మంది కదలాలన్నా రెండో ముక్క కోసం చూసే సంప్రదాయంలో, అన్ని వేల మంది స్థానిక కమాండర్ మాట మీద కదిలారంటే నేను నమ్మను.